పదింటికి పంపిన తేజా రేటు నాలుగింటికి చేరితే: మా మెయిల్ పరువుతో ఏడాదిన్నర

గుంటూరు మిర్చి యార్డులో పొద్దున పలికిన రేటు సాయంత్రానికి అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. అందుకే మేం చిట్టగాంగ్, కొలంబో పార్టీలకు ఉదయం పదింటికల్లా తేజా, 334 రకాల మిర్చి రేట్లు మెయిల్ చేస్తాం. కింద 'ఈ రేటు సాయంత్రం నాలుగు వరకే' అని రాస్తాం. 2024 మార్చిలో, సీజన్ మంచి ఊపు మీదున్నప్పుడు, ఆ మెయిళ్లు గంటల తరబడి ఆలస్యమయ్యాయి. చిట్టగాంగ్ పార్టీ వేరేచోట సరుకు కొనేశాక ఫోన్ చేసి, మీ నుంచి ఏమీ రాలేదే అన్నాడు. "వాట్సాప్‌లో పెట్టెయ్యరాదట్రా" అని మా బాబాయి విసుక్కున్నాడు. రేటంటే వాట్సాప్‌లో పెట్టొచ్చు. ఇన్వాయిస్‌లు, షిప్పింగ్ కాగితాలు మాత్రం వాళ్ల ఆఫీసుకు మెయిల్‌లోనే కావాలి.

మా మెయిల్ సర్వర్ నడిపే హోస్టింగ్ కంపెనీకి (పేరెందుకులెండి) ఫోన్ చేస్తే, "మీ నెట్ స్లోగా ఉందేమో చూసుకోండి సార్" అన్నారు. అదృష్టం ఏమిటంటే, నా సొంత జీమెయిల్‌కి కూడా కాపీ పెట్టుకునే అలవాటుంది. అందులో 'షో ఒరిజినల్' నొక్కి 'రిసీవ్డ్' అని ఉన్న లైన్లను కింది నుంచి పైకి చదివాను. మా సర్వర్ తీసుకున్న టైము 10:12. గూగుల్ తీసుకున్న టైము 03:25, పక్కన -0700. అది అమెరికా టైము. పన్నెండున్నర గంటలు కలిపితే మన టైము 15:55. అంటే మెయిల్ మా సర్వర్ దగ్గరే 5 గంటల 43 నిమిషాలు పడిగాపులు కాసి, గడువుకు ఐదు నిమిషాల ముందు చేరింది!

సర్వర్ లాగ్ (మెయిళ్ల రాకపోకల చిట్టా) అడిగి తెప్పిస్తే, అవతలి సర్వర్ ఇచ్చిన జవాబు కోడ్‌లు అన్నీ 421లే. 4తో మొదలైతే 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అని. 5తో మొదలైతే 'అసలు రావద్దు' అని. మా మెయిల్ గేటు దాకా పోవడం, వెనక్కి రావడం, మళ్లీ పోవడం.

ఇక్కడ నేనో తప్పు చేశాను. పదిమందీ కలిసి వాడే షేర్డ్ సర్వర్‌లో ఎవరో పక్కవాడు చెత్త మెయిళ్లు పంపి ఆ సర్వర్ ఐపీ (ఇంటర్నెట్‌లో దాని నంబరు) పరువు తీశాడనుకుని, మెయిల్‌బాక్స్‌కు ఇంతని నెలనెలా కట్టే వేరే సర్వీసుకు మారిపోయాను. ఐపీ మారింది, డొమైన్ పేరు (మెయిల్ అడ్రసులో @ తర్వాత ఉండేది) మాత్రం అదే. పది రోజులకు మళ్లీ అదే ఆలస్యం. యార్డులో ఒకసారి తడి టిక్కీ (మిర్చి బస్తా) అమ్మినవాడి సరుకు ఏ కొట్టు ముందు దించినా, కొనేవాడు చెయ్యి అడుగుదాకా పెట్టి చూస్తాడు. మాదీ అదే పరిస్థితి.

తడి టిక్కీ మాదేనని తేలింది గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో చూశాకే. జీమెయిల్‌కు వెళ్లే మన మెయిళ్ల లెక్కలు చూపించే ఇది ఉచితం, డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలు రాసి ఉండే చిట్టాలో) ఒక రికార్డు పెడితే చాలు. అప్పట్లో అందులో డొమైన్ పరువుకు నాలుగు మెట్లు చూపించేవాళ్లు: బ్యాడ్, లో, మీడియం, హై. మాది 'లో'. స్పామ్ రేటు 0.1 శాతంలోపు ఉండాలి, 0.3ని తాకకూడదు అంటుంది గూగుల్. వెయ్యిమందిలో ముగ్గురు 'స్పామ్' నొక్కితే అక్కడికి వెళ్లిపోయినట్టే. మా తమ్ముడు ఎగ్జిబిషన్లలో పోగేసిన 3,800 అడ్రసులకు వారం వారం రేట్ల పట్టిక పంపుతున్నాడు. సగం చచ్చిన అడ్రసులు. మిగతా వాళ్లలో చాలామంది మమ్మల్ని ఎరగరు.

దానికి తోడు మా పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండున్నాయి, ఒకటి మెయిల్‌కి, ఇంకొకటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు పెట్టించింది. ఒక డొమైన్‌కు రెండుంటే రెండూ లెక్కలోకి రావు. రెండిటినీ కలిపి ఒకటి చేశాను. డీకిమ్, అంటే మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం, అసలే లేదు. దానికి 2048 బిట్ల కీ పెట్టబోతే డీఎన్‌ఎస్ ప్యానెల్ ఒప్పుకోలేదు. ఒక్కో ముక్క 255 అక్షరాలు దాటకూడదట. రెండు ముక్కలు చేసి పెట్టడానికి ఒక మధ్యాహ్నమంతా పోయింది, భోజనంతో సహా. ఈ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్‌ను ముందు 'నన్' (ఏమీ చేయొద్దు) మీద ఉంచి రిపోర్టులు చూశాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మా పేరుతో సంతకం లేకుండా మెయిళ్లు పంపుతోందని వాటివల్లే తెలిసింది. అది సరిచేశాకే 'క్వారంటైన్'కి (స్పామ్‌లో పడెయ్యండి అని) మార్చాను. ఆ రిపోర్టులు ఎక్స్‌ఎంఎల్‌లో వస్తాయి, మామూలు మనిషి చదివేవి కావు.

రేట్ల పట్టికను వేరే సబ్‌డొమైన్‌కు (మా డొమైన్ కిందే ఇంకో పేరుకు) మార్చి, లిస్టును 610కి కోశాం. తమ్ముడు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా పెట్టాం.

మొదటి మూడు వారాలు ఏ మార్పూ లేదు. ఆ టెన్షన్‌లో 'వార్మప్' (మెల్లమెల్లగా మెయిళ్లు పంపి పరువు పెంచడం) చేస్తామన్న ఒక సర్వీసుకు రెండు నెలలు డబ్బు కట్టాను. దండగ. ఆరో వారానికి 'మీడియం', ఆగస్టు నాటికి 'హై'. పోస్ట్‌మాస్టర్ టూల్స్ జీమెయిల్ సంగతే చెబుతుంది, అదీ మరీ తక్కువ మెయిళ్లు పంపేవాళ్లకు లెక్కలు చూపించదు. రోజుకు ఇరవై మెయిళ్లు పంపే కొట్టుకు డీమార్క్ రిపోర్టులే గతి.

ఇప్పటికీ కొలంబోలో కొత్త కంపెనీకి మొదటి మెయిల్ పావుగంట ఆలస్యమవుతుంది. అది గ్రేలిస్టింగ్, కొత్త ముఖాన్ని ఒకసారి వెనక్కి పంపి చూస్తారు. రెండో మెయిల్ నేరుగా వెళ్తుంది. చిట్టగాంగ్ పార్టీకైతే ఈ సీజన్లో పంపిన నిమిషంలోనే చేరుతోంది. మొన్నొక రోజు పావుగంట తిరక్కుండానే జవాబు పెట్టాడు, టన్నుకు 30 డాలర్లు తగ్గించమని.