క్యాసెట్ నుంచి కంప్యూటర్‌కి: ఏళ్లుగా ఆడాసిటీ వాడాక

టి. నగర్, మైలాపూర్ వైపు పాత తెలుగు ఇళ్లల్లో ఇప్పటికీ అల్మరాల నిండా క్యాసెట్లున్నాయి. పెళ్లిపాటలు, హరికథలు, నాటక పద్యాలు, ఇప్పుడు లేని పెద్దవాళ్ల మాటలు. చెన్నై తేమకి అవి పాడైపోయేలోగా కంప్యూటర్‌లోకి ఎక్కించాలని మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాను. దానికి తోడు క్యాసెట్ మోగించే ఒక పాత డెక్, దాని ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే ఒక మామూలు యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. ఇన్నాళ్లు వాడాక గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది: డబ్బయినా శ్రద్ధయినా ధ్వని కంప్యూటర్‌లోకి అడుగుపెట్టే చోటే పెట్టండి. ఆ తర్వాతి పనికి ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

అన్నిటికంటే ముందు డెక్‌లో టేపుని చదివే హెడ్ పక్కనుండే చిన్న స్క్రూ సంగతి. క్యాసెట్ రికార్డు చేసిన మిషన్‌లో హెడ్ కోణం, మన డెక్‌లో హెడ్ కోణం కలవకపోతే గొంతు మందగిస్తుంది. సన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పుతూ, పాటలో 'స', 'శ' విడివిడిగా పలికేదాకా చూసుకోవాలి. ఈ రెండు నిమిషాల పని ఇచ్చే స్పష్టతని తర్వాత ఏ ఈక్వలైజరూ ఇవ్వదు. ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు స్టీరియో లైన్ ఇన్ (డెక్ లాంటివి తగిలించే రెండు చానెళ్ల ఇన్‌పుట్) ఉందో లేదో అడగండి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో చవగ్గా దొరికే డాంగిళ్లలో చాలావాటికి ఉండేది మోనో మైక్ ఇన్‌పుటే.

ఇంటర్‌ఫేస్‌లోని కన్వర్టర్, డెక్ నుంచి వచ్చే సిగ్నల్‌ని సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా రాస్తుంది. మన చెవి మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలని నైక్విస్ట్, షానన్‌ల సిద్ధాంతం. అందుకే క్యాసెట్లకి 96,000 పెట్టమని ఎవరు చెప్పినా నేను పెట్టను. ఫైలు రెట్టింపు కావడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. బిట్ల విషయం అలా కాదు. 16 బిట్లయితే ఒక్కో కొలతకి 65,536 స్థాయిలు, 24 బిట్లయితే కోటీ 67 లక్షల పైచిలుకు. 24 ఉంటే లెవెల్ తగ్గించి నిశ్చింతగా రికార్డు చేసుకోవచ్చు.

ఆ నిశ్చింత ఎందుకంటే, హరికథలో దాసుగారు మెల్లగా వచనం చెబుతూ చెబుతూ ఒక్కసారిగా పైస్థాయిలో పద్యం ఎత్తుకుంటారు. మీటర్ 0 డెసిబెల్స్‌కి తగిలిందా, ఇక రాయడానికి అంతకంటే పెద్ద అంకె లేదు. ఆడాసిటీలో బాగా జూమ్ చేస్తే ఒక్కో శాంపిల్, అంటే ఒక్కో కొలత, చుక్కగా కనిపిస్తుంది. ఇలా మితిమీరి క్లిప్ అయిన చోట పైన వంపు తిరగాల్సిన చుక్కలన్నీ ఒకే గీత మీద వరసగా ఉంటాయి. క్లిప్ ఫిక్స్ అనే ఎఫెక్ట్ ఆ వంపుని ఊహించి గీస్తుంది, అంతే. అసలు గొంతు తిరిగి రాదు. నేను ఎంత పెద్ద శబ్దమైనా −12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకుని, తర్వాత పెంచుకుంటాను.

ఇక 50 హెర్ట్జ్ హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే సన్నటి మోత. డెక్, లాప్‌టాప్ రెండూ ప్లగ్గులో ఉంటే చాలాసార్లు గ్రౌండ్ లూప్ వల్ల, అంటే రెండింటి ఎర్త్ కలిసి ఒక వలయం కావడం వల్ల వస్తుంది. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. నాయిస్ రిడక్షన్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఒట్టి రొద ఉన్న ముక్కని నమూనాగా చూపిస్తే, మిగతా రికార్డింగ్‌లో అలాంటిదాన్ని తగ్గించడం దాని పని. ఆ ముక్కలో తంబురా కూడా మోగుతుంటే తంబురాని కూడా రొద కింద లెక్కేసి తినేస్తుంది. మోతాదు మించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. కచేరీ టేపులకి నేను 50, 100 హెర్ట్జ్ దగ్గరి ధ్వనిని మాత్రమే కోసే నాచ్ ఫిల్టర్ వేసి ఊరుకుంటాను. కాస్త హిస్ (టేపు రొద) మిగిలినా ఫరవాలేదు, శ్రుతి ఉంటుంది.

ఆడాసిటీని 1999లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టారు. 2021లో మ్యూస్ గ్రూప్ చేతికి వెళ్లినా ఉచితంగానే ఉంది. నాకు బాగా నచ్చింది లేబుళ్లు: పాట మొదలైన చోటల్లా కంట్రోల్-బి కొట్టి పేరు రాస్తే, చివర్లో పాటలన్నీ విడివిడి ఫైళ్లుగా వస్తాయి. కొత్తవాళ్లకి ఒక మాట. సేవ్ చేస్తే వచ్చే ఏయూపీ3 ప్రాజెక్ట్ ఫైలే, పాట కాదు. అదే వాట్సాప్‌లో పంపితే అవతల మోగదు. ఎక్స్‌పోర్ట్ చేయాలి.

గంట స్టీరియో, 24 బిట్లు, 48,000 అంటే కుదించని వేవ్ ఫైలు సుమారు 1 జీబీ. దాన్ని ఫ్లాక్ అనే కుదించే ఫార్మాట్‌లో దాస్తే చోటు బాగా కలిసొస్తుంది, ఒక్క బిట్ కూడా పోదు. బంధువులకి పంపడానికి ఎంపీ3 వాడతాను, కానీ సెకనుకు 128 కిలోబిట్లకి తగ్గిస్తే చిడతల దగ్గర దొరికిపోతుంది. 'టక్' మనాల్సిన చోట ముందుగానే సన్నగా ఏదో అలికిడి అయి, ఆ తర్వాత దెబ్బ వినిపిస్తుంది. ఎంపీ3 శబ్దాన్ని చిన్న చిన్న కాలఖండాలుగా కుదిస్తుంది కాబట్టి, వదిలేసిన వివరాల తాలూకు పొరపాటు ఆ ఖండమంతా పరుచుకుంటుంది. మాటలకి సరిపోతుంది, హరికథకి సరిపోదు. అందుకే అసలు కాపీ ఎప్పుడూ ఫ్లాకే, అదీ రెండు డిస్కుల్లో.

ఎడిటింగ్‌కి వైరున్న హెడ్‌ఫోన్సే వాడండి. బ్లూటూత్ హెడ్‌సెట్ మైక్ కూడా ఆన్ అయితే వినిపించేది ఫోన్ కాల్ నాణ్యతకి పడిపోతుంది.

పాత టేపులు, ఇంటి పెద్దల గొంతులు దాచుకోవాలనుకునేవాళ్లందరికీ ఈ సాఫ్ట్‌వేర్‌ని ధైర్యంగా చెబుతాను. కీబోర్డుతో కొత్త పాటలు కట్టేవాళ్లు, పాడుతూనే ఎఫెక్టులతో తమ గొంతు ఆలస్యం లేకుండా వినాలనుకునేవాళ్లు మాత్రం రీపర్ లాంటి మ్యూజిక్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటే మంచిది.