మా దగ్గరి కమ్యూనిటీ హెల్త్ సెంటర్: బీపీకి భేష్, స్పెషలిస్టు కావాలంటే తిప్పలే

గ్రీన్‌కార్డు మీద టెక్సాస్‌లో అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. ఇక్కడ ఉద్యోగం చేసినవాణ్ణి కాదు కాబట్టి, 65 దాటినా ఐదేళ్ళు నిండేదాకా డబ్బు కడతానన్నా మెడికేర్ (పెద్దవాళ్ళకి ఇక్కడి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) ఇవ్వరు. బీపీ, షుగరూ అన్నేళ్ళు ఆగవు కదా! కోడలు వెతికి ఈ సెంటర్ పట్టుకుంది.

ఫెడరల్ గ్రాంటుతో నడిచే ఇలాంటి చోట్ల ఇన్సూరెన్సు లేదని వెనక్కి పంపరు. పేదరిక రేఖకు రెండింతల లోపు ఆదాయం ఉంటే ఫీజు తగ్గిస్తారు. అబ్బాయి జీతం కూడా కలిపి లెక్కేశారు, నాకేమీ తగ్గలేదు. న్యాయమే.

నర్సమ్మ మాత్రం బంగారం. వెళ్ళగానే బీపీ పట్టీ చుట్టేయదు. వీపు ఆనించి, కాళ్ళు నేలమీద పెట్టించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెడుతుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి రెండుసార్లు చూస్తుంది. ఇంత ఓపిగ్గా నాకెవరూ బీపీ చూడలేదు.

అక్కడే ఒక నల్లజాతి పెద్దాయనతో స్నేహం కుదిరింది. రిటైరైన ట్రక్కు డ్రైవరు. మెడికేర్ కార్డుంది. కానీ బయట డాక్టరు దగ్గర ముందు డిడక్టబుల్ (బీమా మొదలయ్యేలోపు మనమే కట్టాల్సిన మొత్తం), ఆపైన బిల్లులో 20 శాతం చేతినుంచి పెట్టుకోవాలి, ఆ ఖర్చు భరించే సప్లిమెంట్ పాలసీ కొనే స్తోమత లేదు. ఈ సెంటర్లో పార్ట్ బీ (మెడికేర్‌లో డాక్టరు ఖర్చులు చూసే భాగం) డిడక్టబుల్ ఉండదు, ఆ 20 శాతం కూడా ఆదాయాన్నిబట్టి తగ్గుతుంది. అంతకుముందు ఏళ్ళ తరబడి డాక్టరు గడప తొక్కలేదట. డబ్బొక్కటే కాదు, వెళ్ళిన చోటల్లా తన మాట పూర్తిగా వినేవాళ్ళు లేరన్నాడు.

ఇక గొడవంతా స్పెషలిస్టుల దగ్గరే. వాళ్ళు బయటివాళ్ళు, అక్కడ ఈ రాయితీ చెల్లదు. పెద్దాయనకి పీఎస్ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) ఎక్కువొస్తే యూరాలజిస్టుకి, అంటే మూత్రనాళాలూ ప్రొస్టేటూ చూసే డాక్టరుకి, రాసిచ్చారు, నెలలు గడుస్తున్నా పిలుపు లేదు. ఈ దేశంలో నల్లజాతి మగవాళ్ళలో ప్రొస్టేట్ క్యాన్సర్ మరణాల రేటు తెల్లవాళ్ళకంటే దాదాపు రెండింతలు. ముందు చూడాల్సింది ఇలాంటివాళ్ళనే. నాకు గుండె డాక్టరు కావాల్సొస్తే అబ్బాయి స్నేహితుడు ఒక్క ఫోన్ కొట్టాడు, ఆ వారంలోనే చూశారు. పెద్దాయనకి అలా ఫోన్ కొట్టేవాళ్ళు లేరు. సెంటర్లో రిఫరల్స్ (స్పెషలిస్టుల దగ్గరికి పంపే పని) చూసే మనిషి ఒక్కరే, ఫోనెత్తరు, స్వయంగా వెళ్ళి అడిగితేనే కదలిక.

నాలుగు స్టార్లిస్తున్నా. తగ్గించిన ఆ ఒక్కటీ రిఫరల్స్‌కే. అమ్మానాన్నల్ని తెచ్చుకున్నవాళ్ళు నిశ్చింతగా వెళ్ళండి. ఆదాయం కాగితాలతోపాటు వాడుతున్న మాత్రల సీసాలన్నీ సంచిలో వేసుకెళ్ళండి, ఆ నర్సమ్మ ఒక్కోటీ తీసి చూస్తుంది.