పాత సీజే-3బీ జీపు: అసలు రూపమా, మార్పులా?

అమెరికా జీపుల సంస్థ విల్లీస్ లైసెన్సుతో మహీంద్రా సంస్థ దశాబ్దాలపాటు తయారుచేసిన సీజే-3బీ జీపును, ఎత్తైన బానెట్ చూసి ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వులు ఇంజిన్ పైభాగమైన హెడ్‌లోనూ, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వులు కింది భాగమైన బ్లాకులోనూ ఉండే 2.2 లీటర్ల హరికేన్ పెట్రోల్ ఇంజిన్ ఎత్తుగా ఉండటమే దానికి కారణం కనుక, దాన్ని తీసేసి డీజిల్ ఇంజిన్ బిగిస్తే ఆ బానెట్‌కు అర్థమే పోతుందని నా అభిప్రాయం.

అయితే అసలు రూపానికి పునరుద్ధరణ చవకేమీ కాదు. ఇంజిన్ పని ఒక ఎత్తయితే, సొట్టలు పూడ్చే పుట్టీ కింద దాగిన తుప్పు మరో ఎత్తు. ఫ్లోర్ రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే గానీ ఎంత కోసి వెల్డింగ్ చేయించాలో తేలదు.

కొండదారుల్లో తరచూ తిరిగేవారికి డీజిల్ ఇంజిన్ మైలేజీ, తక్కువ వేగంలోనూ తగ్గని లాగుడు నిజంగానే ఉపయోగపడతాయి. నీళ్లలో తడిస్తే పట్టు సడలే డ్రమ్ బ్రేకుల స్థానంలో ముందు చక్రాలకు డిస్కులు పెట్టించడాన్ని నేనూ సమర్థిస్తాను. పెద్ద టైర్లు మాత్రం స్టీరింగునూ ఆక్సిళ్లనూ అలసటపెడతాయి.

ఏ మార్పు తలపెట్టినా, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో వాహన మార్పులకు సంబంధించిన 52వ సెక్షన్‌ను ముందుగా చూసుకోవాలి. ఇంజిన్ మార్చాలంటే రవాణా శాఖ ముందస్తు అనుమతి, ఆర్‌సీలో నమోదు తప్పనిసరి.