దంపుడు బియ్యమా, జొన్న రొట్టెలా, ఇసబ్‌గోలా: మలబద్ధకానికి ఏది మేలు?

పొద్దున్నే సాఫీగా విరేచనం కావట్లేదని ఎవరితోనైనా అనండి, ఈ మూడు సలహాల్లో ఒకటి వస్తుంది. తెల్లన్నం మానేసి దంపుడు బియ్యం తినమంటారు, రాత్రిపూట జొన్న రొట్టెలకు మారమంటారు, లేదా మెడికల్ షాపులో ఇసబ్‌గోల్ డబ్బా కొనుక్కోమంటారు. మూడూ పీచు కోసమే. ఎంత పీచు, ఎలాంటి పీచు అని చూస్తేనే తేడా తెలుస్తుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, కూర్చుని పనిచేసే మగవారికి రోజుకు 30 గ్రాములకు కాస్త పైన, ఆడవారికి 25 గ్రాముల పీచు కావాలి. అదే సంస్థ 2017 ఆహార పట్టికల్లో 100 గ్రాముల తెల్ల బియ్యానికి 2.8 గ్రాములు, దంపుడు బియ్యం లాంటిదే అయిన, పై ఊక మాత్రమే తీసిన ముడి బియ్యానికి 4.4 గ్రాముల పీచు చూపించారు. రోజుకు పావుకిలో బియ్యం తినే మనిషికి తెల్లన్నంతో 7 గ్రాములు వస్తే, ముడి బియ్యంతో 11 వస్తాయి. రెట్టింపు ధర పెట్టి, గంట నానబెట్టి, ఇంట్లో అందరి విసుగూ భరిస్తే మిగిలేది నాలుగు గ్రాములు! ఓ మోస్తరు జామకాయ గింజలతో సహా తింటే అంతకన్నా ఎక్కువే వస్తుంది. బి విటమిన్ల కోసమో, రుచి నచ్చో దంపుడు బియ్యం తింటే మంచిదే. మలబద్ధకం పోవాలని మాత్రం బలవంతంగా మింగక్కర్లేదు.

జొన్నల సంగతి వేరు. 100 గ్రాముల్లో 10 గ్రాముల పీచు ఉంటుంది, సజ్జలు, రాగులు ఇంకాస్త ఎక్కువ. రాత్రి అన్నం బదులు రెండు మూడు జొన్న రొట్టెలు తింటే తేడా తెలుస్తుంది. అయితే మిల్లెట్ అన్న పేరు చూసి మోసపోకండి. పాలిష్ పట్టిన కొర్ర బియ్యంలో, మెత్తగా జల్లించిన రాగి పిండిలో పీచు చాలావరకు పోయినట్టే.

అన్నమా రొట్టా అన్న గొడవలో మనం మరిచిపోయేది పక్కన వడ్డించుకునే కూర. కంచం నిండా అన్నం, దాని అంచున రెండు చెంచాల వేపుడు, మిగతాదంతా చారు, పెరుగు. ఇక్కడే అసలు లోటు. పీచు దండిగా ఉండేది పొట్టు తీయని గింజల్లో. 50 గ్రాముల ఎండు శనగలు నానబెట్టి ఉడికిస్తే ఒక్క గిన్నెలో 12 గ్రాముల దాకా పీచు దొరుకుతుంది. పొట్టు పెసలతో వేసిన పెసరట్టు ఈ లెక్కన ఇడ్లీ కన్నా ఎంతో మేలు. ఉలవచారు చూడండి: ఉడికించిన నీళ్లు మనం జుర్రుకుంటాం, పీచున్న ఉలవలు గేదెకు పెడతాం. గేదె అరుగుదలకు ఢోకా లేదు మరి. గోరుచిక్కుడు, తోటకూర, మునక్కాయ, పారేయకుండా పచ్చడి చేసుకున్న బీరపొట్టు, ఇవన్నీ తెల్లన్నం మానకుండానే తినొచ్చు. అన్నం ఒక గరిటె తగ్గించి కూర రెండు గరిటెలు పెంచడమే నా ఓటు.

మరి ఇసబ్‌గోల్? దాన్ని తీసిపారేయలేం. గుజరాత్, రాజస్థాన్‌లలో పండే ఈ గింజల పొట్టు నీళ్లు పీల్చుకుని జిగురుగా ఉబ్బుతుంది, మలాన్ని మెత్తబరుస్తుంది. పేగుల్లోని బ్యాక్టీరియా దీన్ని పెద్దగా పులియబెట్టలేదు కాబట్టి గ్యాస్ తక్కువ. దీర్ఘకాలిక మలబద్ధకం మీద అమెరికా జీర్ణకోశ వైద్య సంఘాలు 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పీచు సప్లిమెంట్లలో పనిచేస్తున్నట్టు కనిపించింది ఇదొక్కటేనన్నారు. శనగలు, రాజ్మా తింటే కడుపు ఉబ్బిపోయే ఐబీఎస్ (తరచూ కడుపునొప్పితో పాటు విరేచనం తీరు మారే పేగుల సమస్య) వాళ్లకు కూడా ఇదే నయం. కానీ పులియకపోవడం వల్ల ఒక నష్టమూ ఉంది. గింజల్లో, కూరల్లో ఉండే పీచును బ్యాక్టీరియా తిని, పెద్దపేగు కణాలకు ఆహారమయ్యే ఆమ్లాలను తయారుచేస్తుంది, ఆ లాభం ఇసబ్‌గోల్‌తో అంతగా రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినమన్నది కూడా ఆహారంలో సహజంగా ఉండే పీచు గురించే. కాబట్టి కూరలు, గింజలు పెంచి రెండు మూడు వారాలైనా దారికి రాకపోతేనో, ప్రయాణాల్లో తిండి తప్పితేనో చెంచాడు ఇసబ్‌గోల్ వేసుకోవచ్చు.

వేసుకుంటే మాత్రం పెద్ద గ్లాసు నీళ్లతోనే. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. థైరాయిడ్, షుగర్ మాత్రలు వాడేవారు మధ్యలో రెండు గంటలైనా ఎడం ఇవ్వాలి. శనగలైనా జొన్నలైనా ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా పెంచాలి, లేకపోతే గ్యాస్‌తో విసిగి మూడో రోజే మానేస్తారు. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గిపోతున్నా, యాభై దాటాక అలవాటు ఉన్నట్టుండి మారినా ఈ మూడింటిలో ఏదీ కాదు, ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి.