మిద్దె మీద టమాటాకు డ్రిప్ టైమర్: మూడేళ్లు వాడాక

హన్మకొండలో మా మిద్దె మీది పద్నాలుగు టమాటా బ్యాగులకు డ్రిప్ (చుక్కచుక్కగా నీళ్లిచ్చే సన్న పైపులు), ఆ నీళ్లను వేళకు తెరిచి మూసే టైమర్ పెట్టి మూడేళ్లు దాటింది. పైపులు ఎట్లా కలపాలో డబ్బాలో కాగితం చూస్తే తెలుస్తుంది. నాకు మాత్రం దీంట్లో ప్రాణమంతా నిమిషాలు తగ్గించే ఆ ఒక్క బటన్ మీదే.

కాయ ఊరేటప్పుడు రోజూ పొద్దున ఆరింటికి 45 నిమిషాలు పెడతాను. మొదటి కాయ అడుగున లేత గులాబీ రంగు కనబడగానే 30కి దించుతాను. నీళ్లు మానెయ్యను, తగ్గిస్తానంతే. పండు చిక్కగా, తియ్యగా వస్తుంది. పచ్చడి నూరితే నీళ్లు ఊరవు. మగ్గుతో పోసిన రోజుల్లో ఒకరోజు రెండు మగ్గులు, ఇంకోరోజు సగం, ఆదివారం మర్చిపోవడం. అప్పుడు ఈ రుచి ఎన్నడూ చూడలేదు.

మొదటి ఏడాది ఆ సంతోషంలో అతి చేశాను. ఇంకా తగ్గిస్తే ఇంకా తియ్యనవుతాయని 15 నిమిషాలకు దించాను. పండేవి బాగానే ఉన్నాయి గానీ పై గుత్తుల్లో పిందెలకు అడుగున నల్లమచ్చ పడి తోలులా గట్టిపడింది. కాల్షియం లోపమని గుడ్డు పెంకులు నూరి వేశాను, లాభం లేదు. మట్టిలో ఎంత కాల్షియం ఉన్నా కాయ దాకా మోసేది నీళ్లే కదా. ఒకే చెట్టు మీద పండూ పిందే కలిసి ఉంటాయన్న సంగతి మరిచాను.

అసలు దెబ్బ 2024 ఫిబ్రవరిలో తగిలింది. ఇంటిల్లిపాదీ మేడారం జాతరకు పోయాం, నాలుగు రోజులు. మేం పోయిన రోజే టైమర్ బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి. వాల్వ్ మూసి ఉన్నప్పుడే ఆగింది. పొద్దుగూకే వేళకు వచ్చి మిద్దెక్కితే చెట్లన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి. చేతిలోని బంగారం (జాతర బెల్లం) సంచి పిట్టగోడ మీద పెట్టి, పైపు పట్టి, బ్యాగుల అడుగు నుంచి కారేదాకా పోశాను.

తెల్లారేసరికి చెట్లు లేచి నిలబడ్డాయి. కాయలు పగిలాయి. కొన్ని తొడిమ చుట్టూ ఉంగరంలా, కొన్ని తొడిమ నుంచి నడుం దాకా నిలువునా. చీలికల్లో గింజల జిగురు మెరుస్తోంది, అప్పటికే చీమలు. రంగు తిరిగిన 31 కాయల్లో 22 పోయాయి. గట్టి పచ్చికాయలకు ఏమీ కాలేదు. పండేకొద్దీ తోలుకు సాగే గుణం తగ్గుతుంది, లోపల ఒక్కసారే నీళ్లు నిండితే ఆగదు. పళ్లెంలో కిందికి తెస్తే మా అత్తమ్మ, పరకాల దిక్కు చెల్కల టమాటా పండించిన మనిషి, చూసి అన్నది: "ఎండిన చెట్టుకు ఒక్కపారే అన్ని నీళ్లు పోస్తరా బిడ్డా? జరంత జరంత పొయ్యాలె."

పోసిన తప్పు నాదే. కానీ బ్యాటరీ తగ్గినప్పుడు మిణుకుమనే ఆ చిన్న గుర్తు ఎండలో తెర మీద కనబడనే కనబడదు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

రోజూ ఒకే కొలత అన్న ధీమా కూడా మొదటి ఏడెనిమిది బ్యాగుల వరకే. మా ట్యాంకు నాలుగడుగుల దిమ్మె మీద ఉంది, ఒత్తిడి తక్కువ. డ్రిప్పర్ల (పైపులకుండే చుక్కలు వదిలే మూతుల) కింద సీసాలు పెట్టి చూస్తే అరగంటలో మొదటి దాంట్లో లీటరుకు కాస్త తక్కువ, చివరి దాంట్లో అందులో సగం. పైగా బోరు నీళ్లకు తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. నెలకోసారి డ్రిప్పర్లు వెనిగర్‌లో నానబెడతాను. చివరి బ్యాగులకు ఇప్పటికీ పైన ఒక మగ్గు పోయాల్సిందే. ట్యాంకు నీళ్లున్నవాళ్లు బాల్ వాల్వ్ (చిల్లున్న బంతి తిరిగి నీటిదారి తెరిచే) టైమరే అడిగి తీసుకోండి, సోలెనాయిడ్ (కరెంటు అయస్కాంతంతో తెరుచుకునే) రకాలు చాలావరకు ఒత్తిడి లేకపోతే సరిగా పనిచేయవు.

ఏప్రిల్ ఎండలకు ఈ లెక్కలు పనికిరావు. రెండు పూటలా నీళ్లిచ్చినా పండు పసుపు, నారింజ దగ్గరే ఆగుతుంది. అది వేడి చేసే పని.

2026 జనవరి జాతరకు పోయేముందు కొత్త బ్యాటరీలు వేసి, రంగు తిరిగినవన్నీ దోరగానే కోసి వంటింట్లో గంపలో పరిచాను. వచ్చేసరికి సగం ఎర్రబడి ఉన్నాయి. నాలుగు బ్యాగులే ఉండి, ఇంట్లో ఎప్పుడూ ఒకరుండేవాళ్లకు ఇది కొనమని చెప్పలేను. మేమిద్దరం పొద్దున్నే ఉద్యోగాలకు పోతాం, అత్తమ్మకు మెట్లెక్కే ఓపిక లేదు, అందుకని మాకు తప్పదు. డ్రిప్పర్లు రెండుసార్లు మార్చాను, టైమర్ మాత్రం అదే నడుస్తోంది.