నీళ్లు ఆగని వాషింగ్ మిషన్: వాల్వు కడగడమా, మార్చడమా?

"మిషన్‌లోకి నీళ్లు ఆగట్లేదక్కా, వాల్వు కడిగితే సరిపోతుందా, కొత్తది వేయించాలా?" అని ఈ ఎండాకాలం గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట చుట్టాల్లోనే నలుగురు అడిగారు. ట్యాప్ నుంచి వచ్చే నీళ్లని మిషన్‌లోకి వదిలేదీ, ఆపేదీ ఈ వాల్వే. మా ఇంట్లో పోయిన నెలే రెండూ చేసి చూశాం.

ముందు నీళ్లు ఎక్కుతుండగా స్విచ్ కట్టేయండి. నీళ్లు ఆగిపోతే వాల్వు జోలికి వెళ్లొద్దు. ప్రెషర్ స్విచ్‌కి వెళ్లే సన్నటి గాలి ట్యూబులో సబ్బు మడ్డి చేరినా, అది చిట్లినా టబ్బు నిండిందని మిషన్‌కి తెలీదు. మిషన్ లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందేమో మెకానిక్ చూస్తాడు. డ్రెయిన్ పైపు నేల మీద పడి ఉంటే ఎక్కిన నీళ్లు ఎక్కినట్టే పోతుంటాయి, పైకి కట్టుకోండి.

కరెంటు లేకపోయినా నీళ్లు వస్తుంటే అది వాల్వే. లోపలి రబ్బరు బిళ్లకి సూదిమొనంత బెజ్జం ఉంటుంది. కరెంటు ఆగాక అందులోంచి నీళ్లు బిళ్ల వెనక్కి చేరి, ఆ ఒత్తిడితోనే దాన్ని మూస్తాయి. బెజ్జంలో ఇసుక రేణువు ఇరుక్కుంటే ఇక మూసుకోదు. సంపు కడిగిన మర్నాడు మొదలైన తంటా అయితే కడిగి చూడొచ్చు, ఖర్చు లేదు.

మా బోరు నీళ్ల సంగతి వేరు. బకెట్లకి తెల్లగా పట్టే ఉప్పే వాల్వు లోపలా పడుతుంది, రబ్బరు బిరుసెక్కుతుంది. నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి బిగిస్తే వారం బాగానే నడిచింది. ఆ తర్వాత మేం గుడికెళ్లిన గంటన్నరలో నీళ్లు పొర్లి కింద వాటావాళ్ల బాల్కనీలోకి కారాయి. నాకు అదే తేల్చేసింది. వాల్వు ఇంట్లో మనిషి లేనప్పుడూ మూసుకోవాలి. కొన్ని వందల రూపాయల వస్తువు, మార్చడమే మేలు. పాతది విప్పి షాపుకి తీసుకెళ్లండి, పైపులు తగిలించే నోళ్ల లెక్క, వాటి మలుపు సరిగ్గా అదే ఉండాలి.

పై అంతస్తువాళ్లు కొనేముందు ట్యాంకు ఎత్తు చూసుకోండి. కొన్ని మోడళ్లకి కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలి, అంటే మిషన్ కంటే ట్యాంకులో నీళ్లు 3 మీటర్ల పైన ఉండాలి. అది లేకపోతే కొత్త వాల్వు కూడా సరిగ్గా మూసుకోకపోవచ్చు.

వాల్వు మార్చేదాకా ఉతకడం అయిపోగానే ట్యాప్ కట్టేయండి.