గోడకు కొత్త ప్లగ్ పాయింట్లా, ఎక్స్‌టెన్షన్ బాక్సా: రెండూ ఏళ్ల తరబడి వాడాక

మాది కూకట్‌పల్లి వైపు పాత అపార్ట్‌మెంట్. వంటింటికి బిల్డరు ఇచ్చినవి రెండే పాయింట్లు. ఒకటి ఫ్రిజ్‌కి, రెండోది మిక్సీకి. అప్పట్లో అవే ఎక్కువ. తర్వాత ఒక్కొక్కటిగా వాటర్ ఫిల్టర్, రైస్ కుక్కర్, ఓవెన్, ఇండక్షన్ స్టవ్ దిగాయి. కొన్నేళ్లు ఎక్స్‌టెన్షన్ బాక్సుతో నెట్టుకొచ్చి, ఆ తర్వాత గోడకే పాయింట్లు వేయించుకున్నాం. అవి వేయించీ ఏళ్లు దాటింది కాబట్టి రెండింటి సంగతీ ఇప్పుడు తీరిగ్గా చెప్పగలను.

ముందు బాక్సు గురించి. దాని మీద నాలుగు సాకెట్లున్నా ఆరున్నా, గోడలోకి వెళ్లేది ఒక్క ప్లగ్గే. మామూలు చిన్న మూడు పిన్నుల ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు, దాని తాహతు అంతే. 750 వాట్ల మిక్సీ, 700 వాట్ల రైస్ కుక్కర్ ఒకేసారి ఆన్ చేస్తే అక్కడికే దాటిపోయింది. ఇక 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ అయితే ఒక్కటే దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అందుకే దాని ప్లగ్గు పిన్నులు లావుగా ఉంటాయి, చిన్న సాకెట్లో దూరవు. దూర్చడానికి బజార్లో కన్వర్టర్లు అమ్ముతారు. వాటి జోలికి పోకండి.

మా బాక్సులో రైస్ కుక్కర్ పెట్టే సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ బిస్కెట్ రంగులోకి మారింది. స్క్రూలు విప్పి చూస్తే లోపల పిన్నును పట్టుకోవాల్సిన ఇత్తడి రేకు నల్లబడి, బిగువు పోయి వదులుగా ఊగుతోంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇంత జరిగినా మా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు) ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు, అవదు కూడా. అది చూసేది కరెంటు పరిమితి దాటిందా, షార్ట్ అయిందా అన్నదే. లూజ్ కాంటాక్ట్ దగ్గర, పరిమితిలోపు కరెంటుతోనే వేడి పుట్టి ప్లాస్టిక్ మాడుతుంది. చేత్తో ముట్టుకుని చూడటం, మాడిన వాసన పసిగట్టడం మన పనే.

ఇక గోడ పాయింట్లు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసిన వెంటనే అన్న మాట: "పక్క బోర్డు నుంచి లూప్ తీసుకుంటా సార్, గంటలో పని అయిపోద్ది." వద్దన్నాం. లూప్ తీస్తే సాకెట్లు పెరుగుతాయి గానీ గోడలో ఉన్న పాత సన్న వైరు అదే కదా! అప్పుడది గోడకు బిగించిన ఎక్స్‌టెన్షన్ బాక్సే. ఓవెన్‌కీ ఇండక్షన్‌కీ డీబీ (ఇంటి ఎంసీబీలన్నీ ఉండే మెయిన్ పెట్టె) నుంచి విడివిడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించి, ఒక్కోదానికి 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టించాం. కొత్త లైన్లు రెండింటికీ కలిపి ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు.

అసలు తలనొప్పి అక్కడే మొదలైంది. ఓవెన్ ఆన్ చేస్తే చాలు, ఆర్‌సీసీబీ టక్కున పడిపోయేది. "ఇవి ఇంతే సార్, తీసేద్దాం" అన్నాడు ఎలక్ట్రీషియన్. తీయనివ్వలేదు. బోర్డు విప్పించి చూస్తే ఫేజ్ (కరెంటు వెళ్లే వైరు) డీబీ నుంచే తెచ్చాడు గానీ, వైరు కలిసొస్తుందని న్యూట్రల్ (అది తిరిగొచ్చే వైరు) మాత్రం ఫ్రిజ్ బోర్డులోంచి కలిపాడు. ఆర్‌సీసీబీ పనే వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూడటం. వెళ్లింది తన గుండా వెళ్లి, వచ్చేది వేరే దారిన వస్తే ఎక్కడో లీకవుతోందనుకుని ఆపేస్తుంది. న్యూట్రల్ కూడా డీబీ నుంచి లాగాక ఇప్పటిదాకా ఊరికే పడింది లేదు. మీకూ ఇలా పడుతుంటే ఆర్‌సీసీబీని తిట్టే ముందు న్యూట్రల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగండి.

గోడకు గాడి కొట్టిన రోజుల దుమ్ము గురించి చెప్పను, డబ్బాల్లో పప్పుల దాకా పోయింది. ఖర్చూ తక్కువేం కాదు, ఆ డబ్బుతో మంచి బాక్సులు ఓ పది వస్తాయి. అయినా వంటింటి వరకూ నా ఓటు గోడ పాయింట్లకే. వేయించేవాళ్లు ఇన్వర్టర్ లైనులో కలుపుతున్నారా, మెయిన్ లైనులోనా అని ముందే తేల్చుకోండి. ఇన్వర్టర్ మీద ఓవెన్ పడితే కరెంటు పోయిన మరుక్షణం ఓవర్‌లోడ్ కూత మొదలు. ఎర్త్ వైరు నిజంగా డీబీ దాకా వెళ్లిందో కూడా చూపించమనండి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా మూడోది ఉత్తదే అయ్యుండొచ్చు, ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జిల్లుమనేది అలాంటి చోటే.

బాక్సులు ఇంట్లోంచి పూర్తిగా పోలేదు. హాల్లో రౌటరు, ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జర్లు ఒకే బాక్సు మీద ఉన్నాయి, అన్నీ కలిపినా రెండొందల వాట్లు దాటవు. వాటికోసం గోడ పగలగొట్టడం దండగ. దీపావళి సీరియల్ బల్బులకూ అదే. వాటర్ హీటర్ రాడ్డు, ఇస్త్రీ పెట్టె లాంటి వేడెక్కే వస్తువు మాత్రం ఏదీ దాని మీద పెట్టనివ్వం. వైరును చుట్ట చుట్టి మంచం కింద తోసేయడం కూడా లేదు, చుట్టలో వేడి బయటికి పోదు.

అద్దె ఇంట్లో ఉంటే ఓనరుతో మాట్లాడి గోడ మీదుగా పీవీసీ కేసింగ్‌లో వైరు లాగించుకోవచ్చు. గాడి కొట్టే పని ఉండదు. చూడ్డానికి అంత బాగోదు గానీ, లోపలి వైరు సరైన సైజుదైతే పనితీరులో తేడా ఏమీ ఉండదు.